తాత తుడుం, గొజీరా డ్రమ్ము

పోస్ట్ కొంచెం పెద్దదే, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ డేట్లు, డీఎస్సీ గొడవలు ఉంటాయి. నేను ఈసారి ఒక ఫ్రెంచ్ మెటల్ బ్యాండ్ గురించి రాస్తన్నాను. సీతంపేట కొండల్లోని సవర గుంటడికి మెటల్‌తో ఏటి పని అనుకుంటారు. మా రూమ్మేట్ కూడా మొదట అదే అన్నాడు. కానీ నాకు ఆ బ్యాండ్‌ని చూపించింది వాడే.

2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జరిగింది. అప్పుడు నేను ఇంటర్ అయిపోయి ఊళ్లో ఉన్నాను. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గట్టెక్కాలి, అందుకే ఏదీ చూడలేదు. తరవాత డిగ్రీలో చేరి హాస్టల్‌కి వచ్చాక ఒక రాత్రి మా రూమ్మేట్ (కురుపాం వైపు జాతాపు అబ్బాయి) "ఒరే ఇది సూడు, తల లేని రాణి పాడతంది" అని ఫోన్ ఇచ్చాడు. నది ఒడ్డున పాత కోటలాంటి బిల్డింగ్. కిటికీల్లో ఎర్ర గౌన్లు వేసుకుని, తెగిన తలలు చేతుల్లో పట్టుకున్న రాణులు. గోడకి ఎక్కడో ఎత్తున నిలబడి గిటార్లు వాయిస్తున్న మనుషులు. చివర్లో ఎర్ర కాగితాలు రక్తంలా గాల్లోకి చిమ్మాయి. ఆ బిల్డింగ్ పేరు కాన్సియర్జరీ. 1793లో రాణి మరీ ఆంట్వానెట్‌కి తల తీసే ముందు ఆమెని అక్కడే జైల్లో పెట్టారు. వాళ్లు వాయించింది ఫ్రెంచి విప్లవం నాటి పాట. మరీనా వియోటి అనే ఒపేరా గాయని వాళ్లతో కలిసి పాడింది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మెటల్ బ్యాండ్ వాయించడం అదే మొదటిసారి. 2025 ఫిబ్రవరిలో ఆ పాటకే గ్రామీ వచ్చింది. బ్యాండ్ పేరు గొజీరా.

నాకు పాట కన్నా ముందు డ్రమ్ము పట్టుకుంది. ఎందుకో తరవాత చెప్తాను.

వాళ్లు ఎక్కడోళ్లా అని వెతికితే, పారిస్ వాళ్లు కాదు. ఫ్రాన్స్‌కి నైరుతి మూలన బయోన్ టౌన్ దగ్గర ఓండ్ర్ అనే చిన్న ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పైన్ అడవి. జో డూప్లాంటియే, మారియో డూప్లాంటియే అన్నదమ్ములు. 1996లో బ్యాండ్ పెట్టినప్పుడు జోకి దాదాపు 20 ఏళ్లు, అంటే ఇంచుమించు ఇప్పుడు నా వయసు. డ్రమ్ము వాయించే తమ్ముడు మారియోకి దాదాపు పదిహేను. క్రిస్టియన్ ఆండ్రూ ఇంకో గిటారు. 1998లో బేస్ గిటారుకి జాన్ మిషెల్ లబాడీ వచ్చాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే నలుగురు. మెటల్ బ్యాండ్లలో ఇది చిన్న విషయం కాదు. పేరున్న బ్యాండ్లు చాలా మటుకు రెండు మూడు ఆల్బమ్‌లకే ఎవరో ఒకరు వెళ్లిపోయి, తిట్టుకుని, మళ్లీ వచ్చి, ఆ కథే ఒక సీరియల్‌లా నడుస్తాది.

మొదట వాళ్ల పేరు గాడ్జిల్లా. సినిమా రాక్షసుడి పేరు. ఆ పేరుకి వేరే హక్కుదారులు ఉన్నారు కదా, చట్టం గొడవలొచ్చాయి. 2001లో మార్చుకున్నారు. కొత్త పేరేటి పెట్టుకున్నారో చూడండి: గొజీరా. జపాన్ వాళ్లు ఆ రాక్షసుడికి పెట్టిన అసలు పేరు అదే. ఇంగ్లీషోళ్ల నోట్లో పడి అది గాడ్జిల్లా అయింది. అంటే అరువు పేరు వదిలేసి అసలు పేరు పట్టుకున్నారు. ఇది చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మన భాషలో మనం సొర. కాగితం మీద సవర. నా ఇంటి పేరు స్కూల్లో వేసినప్పుడు ఒకలా, ఆధార్‌లో ఒకలా, ఇంటర్ మెమోలో ఇంకోలా ఉంది. ఈ గ్రూపులో సగం మందికి ఈ బాధ తెలుసు, మీసేవ చుట్టూ తిరిగినోళ్లు కదా.

ప్రోగ్రెసివ్ మెటల్ అంటే ఏటో ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామూలు సినిమా పాటలో లెక్క నాలుగు. ఒకటి రెండు మూడు నాలుగు, మళ్లీ ఒకటి. మన కాళ్లకి అదే అలవాటైపోయింది. ప్రోగ్రెసివ్ వాళ్లు అయిదు, ఏడు, పదకొండు లెక్కల్లో తిప్పుతారు. గిటారు ఒక లెక్కలో పోతాది, డ్రమ్ము ఇంకో లెక్కలో పోతాది, ఎక్కడో దూరంగా రెండూ ఒక దెబ్బ మీద కలుస్తాయి. ఆ కలిసే చోటు కోసమే మనం వింటాం. పాటలు కూడా పొడుగు, ఎనిమిది నిమిషాలు, పది నిమిషాలు. ఈ రకానికి పెద్ద పేరు డ్రీమ్ థియేటర్, 1985లో బోస్టన్‌లో బెర్క్లీ అనే సంగీత కాలేజీ కుర్రాళ్లు పెట్టింది. వాళ్లది చదువుకున్న సంగీతం, వింటే పరీక్ష రాస్తన్నట్టు ఉంటాది నాకు. గొజీరాది అలా కాదు. కొందరు వాళ్లని డెత్ మెటల్ అంటారు, కొందరు ప్రోగ్రెసివ్ అంటారు, రెండూ నిజమే. లెక్కలు కష్టమే గానీ కాళ్లతో, ఒంటితో వేసిన లెక్కలు.

మన తెలుగు వైపు ఎవరూ లేరా అంటే ఉన్నారు. హైదరాబాద్‌లో 2015లో మొదలైన గాడ్‌లెస్ అని ఒక డెత్ మెటల్ బ్యాండ్. వాళ్ల మొదటి పూర్తి ఆల్బమ్ 2021లో వచ్చింది. మంచి బ్యాండే. కానీ నన్ను పట్టుకున్నది గొజీరానే, దానికి కారణం అమెజోనియా అనే ఒక పాట.

ముందు వాళ్ల నడక కొంచెం చెప్పి అక్కడికి వస్తాను. 2001లో మొదటి ఆల్బమ్, 2003లో రెండోది. పెద్దగా ఎవరికీ తెలీదు. 2005లో ఫ్రమ్ మార్స్ టు సిరియస్ వచ్చాక బయటి దేశాల వాళ్లు విన్నారు. చచ్చిపోయిన భూమిని మళ్లీ బతికించడం గురించి ఆల్బమ్ అంతా ఒకే కథలా నడుస్తాది. అందులో ఫ్లయింగ్ వేల్స్ అని పాట. మొదట తిమింగలాల అరుపులు, నెమ్మదిగా గిటారు, మనం నిద్రపోతామేమో అనుకునేదాకా ఆగి, అప్పుడు కొండ విరిగి పడ్డట్టు పడతారు. 2023లో మన సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక పెద్ద తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది, గుర్తుందా? జనం వరసకట్టి సెల్ఫీలు తీసుకున్న వీడియోలు మనం అందరం ఫార్వర్డ్ చేసుకున్నాం. ఈ పాట విన్నప్పుడల్లా ఆ వీడియోలే గుర్తొస్తాయి.

2009లో మెటాలికా టూర్‌లో ముందు వాయించే ఛాన్స్ వచ్చింది. తరవాత జో న్యూయార్క్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. అక్కడ ఆల్బమ్ చేస్తుండగా 2015లో అన్నదమ్ముల తల్లి చనిపోయింది. ఆ ఆల్బమ్ మాగ్మా, 2016లో వచ్చింది. అంతకు ముందు జో ఎక్కువగా గొంతు చించుకునేవాడు, ఇందులో చాలా చోట్ల మామూలుగా, మెల్లిగా పాడతాడు. పాటలు పొట్టిగా అయ్యాయి. పాత అభిమానులు మెత్తబడిపోయారని తిట్టారు. నాకైతే వాళ్ల ఆల్బమ్‌లన్నిట్లో అదే ఇష్టం. దానికి రెండు గ్రామీ నామినేషన్లు వచ్చాయి. లెక్కేస్తే బ్యాండ్ పెట్టిన ఇరవై ఏళ్లకి. అప్పుడు కూడా అవార్డు రాలేదు, అది ఇంకో ఎనిమిదేళ్లకి.

ఇప్పుడు అమెజోనియా. 2021లో ఫార్టిట్యూడ్ ఆల్బమ్ కన్నా నెల ముందు వదిలారు. మొదట్లోనే మోర్సింగ్ లాంటిది మోగుతాది. బ్రెజిల్ అడవి తగలబడటం, అక్కడి ఆదివాసీల భూములు పోవడం దాని విషయం. నేను మొదట వీడియో చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. రంగులు పూసుకున్న మొహాలు, ఈకలు, మంటలు, మధ్యలో నలుగురు తెల్లోళ్లు గిటార్లతో. మళ్లీ అదే కదా అనుకున్నాను.

"మళ్లీ అదే" అని ఎందుకు అన్నానో చెప్పాలి. ఫస్ట్ ఇయర్‌లో ఒక ఫంక్షన్‌కి "గిరిజన నృత్యం" ఉండాలని మమ్మల్ని పిలిచారు. ఎవరు పిలిచారో వదిలేయండి. ఆకులు కుట్టిన లంగోటాలు, కోడీకల కిరీటాలు అద్దెకి తెచ్చారు. మా ఊళ్లో మా తాత తరం కూడా అలా కట్టుకున్నది నేను వినలేదు. మొహాలకి తెల్ల చుక్కలు పెట్టారు. వాయిద్యం మాది కాదు, స్పీకర్లో సినిమా పాట. మీ పాట ఏటి, మీ అడుగు ఏటి అని ఒక్కడు అడగలేదు. నేను కూడా చెప్పలేదు. ఆడాను. చప్పట్లు కొట్టారు, బిర్యానీ పెట్టారు. ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా అయ్య ఫోన్‌కి చేరింది. ఆయన ఫోన్ చేసి తిట్టలేదు. "ఇదేటి కట్టుకున్నావు?" అని అడిగాడు, అంతే. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇప్పటికీ లేదు.

అందుకే అమెజోనియా చూసి అంత కోపం. కానీ ఆ కోపంతోనే ఇంకా చదివాను. ఆ పాటతో వాళ్లు ఒక వేలం పెట్టారు. తెలిసిన పెద్ద పెద్ద మెటల్ వాళ్ల నుంచి గిటార్లు, డ్రమ్ము సామాన్లు తెచ్చి అమ్మారు. మూడు లక్షల డాలర్ల పైనే వచ్చింది, అప్పటి లెక్కలో మన రెండు కోట్లు దాటుతాది. ఆ డబ్బు ఎవరికిచ్చారన్నది నాకు ముఖ్యం. ఏపీఐబీ అనే సంస్థకి ఇచ్చారు. అది బ్రెజిల్ ఆదివాసీలు తమకి తాము 2005లో పెట్టుకున్న సంఘం. వాళ్ల తరఫున ఎవరో నడిపే ట్రస్టు కాదు. భూమి కేసులు, ఢిల్లీ ధర్నాల్లాంటి వాళ్ల ధర్నాలు, అన్నీ వాళ్లే నడుపుకుంటారు. డబ్బు ఏం చేయాలో వాళ్లే చూసుకుంటారు. పక్కనే రాయగడ జిల్లాలో నియమగిరి గుర్తు చేసుకోండి. 2013లో సుప్రీంకోర్టు మీరే తేల్చండి అంటే 12 ఊళ్లలో గ్రామసభలు పెట్టారు, 12కి 12 బాక్సైట్ గని వద్దన్నాయి. అడిగితే చెప్పడానికి మనోళ్లకి నోరుంది. అడగడమే తక్కువ.

పాటగా అమెజోనియా వాళ్ల గొప్ప పాటేం కాదు, నిజం చెప్పాలంటే. అది విన్నవాళ్లందరికీ సెపుల్చురా గుర్తొస్తాది. బ్రెజిల్ మెటల్ బ్యాండ్ అది, 1996లో రూట్స్ అని ఆల్బమ్ తెచ్చింది. ఆ సెపుల్చురా మొదలెట్టిన కవలేరా అన్నదమ్ములతో జో 2008లో ఒక ఆల్బమ్‌కి బేస్ వాయించాడు కూడా, అందుకే ఆ వాసన. రూట్స్ కోసం సెపుల్చురా వాళ్లు షవాంతే అనే తెగ ఊరికి వెళ్లి, వాళ్లతో ఉండి, వాళ్ల పాటని అక్కడే రికార్డు చేశారు. ఆల్బమ్‌లో వినపడేది షవాంతేల గొంతులే. ఎవరో నటించింది కాదు. ఇది గొజీరా చేసినదాని కన్నా ఒక మెట్టు ఎక్కువని నాకనిపిస్తాది. మా రూమ్మేట్ ఒప్పుకోడు. "పాడించుకుంటే పాట వాళ్లది అయిపోద్దా? పేరు బ్యాండుదే కదా. డబ్బులు చేతికిచ్చినోడే నయం" అంటాడు. దీని మీద ఒక రాత్రి రెండింటిదాకా కొట్టుకున్నాం, పక్క రూం అన్న వచ్చి లైటార్పాడు.

మన దగ్గర ఇది కొత్త కాదు. వంగపండు ప్రసాదరావు గారు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయన. ఆదివాసీ కాదు. శ్రీకాకుళం కొండల పోరాటం మీద ఆయన కట్టిన పాట తెలీని ఊరు లేదు, 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు మా ఊళ్లో కూడా పాడారు. గిడుగు రామమూర్తి గారు కూడా మనవాడు కాదు, కానీ సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు. ప్రతి ఏడూ ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. నేను స్కూల్లో ఆ రోజు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన సవర గురించి ఒక్క వాక్యం నాకు ఎవరూ రాసివ్వలేదు, నేనూ వెతకలేదు. డిగ్రీకి వచ్చాక తెలిసింది. పక్కవాడు మన గురించి పాడొచ్చా అని అడిగితే ఇదివరకు వద్దనేవాణ్ణి. ఇప్పుడు, వచ్చి ఏం చేశాడో చూసి చెప్తానంటాను.

సరే, డ్రమ్ము సంగతి.

పోయిన సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు తాతకి ఇయర్‌ఫోన్ పెట్టాను. మా తాత ఊళ్లో తుడుం వాయిస్తాడు. ముందు ఫ్లయింగ్ వేల్స్ పెట్టాను. తిమింగలాల అరుపులు విని "ఏనుగులా?" అన్నాడు. అరుపులు మొదలయ్యాక మొహం చిట్లించి "ఈ అరిసేవాడికి ఏటయింది, ఎవరైనా కొట్టారా?" అన్నాడు. కానీ తీసెయ్యలేదు. కాసేపటికి వేలితో మోకాలు మీద కొట్టుకోవడం మొదలెట్టాడు. మారియో రెండు కాళ్లతో కింద రెండు పెడల్స్ తొక్కుతాడు, చేతులు వేరే లెక్కలో పోతాయి. ఆ చప్పుడు కాళ్లతో చేస్తన్నాడని చెప్తే నమ్మలేదు. వీడియో చూపించాను. "ఈడు వాయించేవాడే" అన్నాడు. మా తాత ఎవర్నీ అంత తేలిగ్గా ఒప్పుకోడు, చర్చికొచ్చే కీబోర్డు అబ్బాయిని ఇప్పటికీ వాయించేవాడనడు.

ఒలింపిక్స్ వీడియోలో నన్ను పట్టుకున్నది అదే. ఆ డ్రమ్ము ఎక్కడో విన్నట్టు ఉంది అనుకున్నాను. మా కందికొత్తల పండక్కి తుడుం, డప్పులు, కొమ్ము కలిసి పోయేటప్పుడు అడుగు ఒక చోట పడతాది, దెబ్బ ఇంకో చోట పడతాది. బయటోళ్లు మా వరసలో కలిసి ఆడబోతే రెండో తిరుగుడికే కాళ్లు చిక్కుపడతాయి. వాళ్లు నాలుగు లెక్కపెడతారు కాబట్టి. చిన్నప్పుడు నాకు అది సిగ్గుగా ఉండేది, సరిగ్గా వాయించడం రాదనుకునేవాణ్ణి. సినిమా పాటలాగ ఎందుకు ఉండదు అని. ఇరవై ఏళ్లు వచ్చి, ఎక్కడో ఫ్రాన్స్ వాళ్లు అలాంటి లెక్కల్లో వాయిస్తే జనం టికెట్లు కొని చూస్తారని తెలిసాక గానీ నా చెవికి బుద్ధి రాలేదు. ఇది ఒప్పుకోడానికి ఇబ్బందిగానే ఉంది.

నాకు ఒక ప్లాన్ వచ్చింది. మా క్లాసులో ఒక అబ్బాయికి ఎలక్ట్రిక్ గిటారు ఉంది. తాత వాయిద్యం ఫోన్‌లో రికార్డు చేసి, దాని మీద వాడి గిటారు పెట్టి, యూట్యూబ్‌లో వేద్దామని. నేను అడిగింది ఒక నెమ్మదైన వరస, చిన్నప్పుడు విన్నది, నాకు దాని పేరు తెలీదు. నోటితో కొట్టి చూపించాను. తాత నా వైపు అదోలా చూశాడు. అది చావుకి వాయించేదట. ఎవరూ పోకుండా అది వాయించకూడదట. "ఎవరి కోసం వాయించమంటావు?" అని అడిగాడు.

నేను ఏం మాట్లాడలేదు. ఆ లంగోటా కట్టించినోళ్లు మమ్మల్ని ఏం అడగలేదని అన్నాను కదా. నేను కూడా అడక్కుండానే ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని కూర్చున్నాను. తీసి ఆపేశాను. తాతకి తెలుసో లేదో తెలీదు.

మర్నాడు ఆయనే పిలిచాడు. తుడుం మంట దగ్గర కాపుతున్నాడు. కందికొత్తలది అయితే తీసుకో, అది పండగది, ఎవరైనా వినొచ్చు అన్నాడు. కానీ ఆయన వాయించడట, నేను నేర్చుకుని నేనే వాయించాలట. కర్రలు నా చేతికిచ్చాడు. రెండు రోజులకే చూపుడు వేలు దగ్గర బొబ్బ కట్టింది. అప్పటి నుంచి సెలవు దొరికినప్పుడల్లా వెళ్తన్నాను, హాస్టల్‌లో అయితే మంచం కోడు మీద రెండు పెన్నులతో కొడతన్నాను. మా రూమ్మేట్ దిండు విసురుతున్నాడు. మొదటి రెండు తిరుగుళ్లు వచ్చాయి. మూడో తిరుగుడు దగ్గర చెయ్యి తనంతట తనే నాలుగులోకి జారిపోతంది.

భామిని, మెళియాపుట్టి, గుమ్మలక్ష్మీపురం వైపు వాళ్లెవరైనా ఉంటే ఒక సాయం చేయండి. మీ ఊళ్లో కందికొత్తలకి తుడుం ఎన్ని దెబ్బలకి మళ్లీ మొదటికొస్తాదో పెద్దోళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. అడిగే రాయండి. మాది ఏడు అని నేను లెక్కపెట్టాను. తాత మాత్రం అందులో లెక్కేటీ లేదు, నువ్వు లెక్కపెట్టడం మానేస్తే వస్తాదంటన్నాడు.